రండి అని ఎవరు అనాలి

నేను దాదాపు ఆరేళ్లు ఉన్న ఆ ఇల్లు, అందులో కాపురం ఉన్నవాళ్లది కాదు. ఆ సంగతి నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది.

2001 చివర్లో సైప్రస్ వెళ్లాను. మధ్యధరా సముద్రంలో, గ్రీకు వాళ్లూ టర్కిష్ వాళ్లూ ఉండే ద్వీప దేశం. లార్నకాలో ఒక పెద్దావిడని చూసుకునే పని. ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి. షుగర్, మోకాళ్ల నొప్పులు. అక్కడి గ్రీకు వాళ్లు అమ్మమ్మని ‘యాయా’ అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను ‘కోరి మూ’ అనేది, నా తల్లీ అన్నట్టు. సముద్రం ఒడ్డున ఉన్న పాత కోట, దాని పక్కన మసీదు, ఆ మసీదు వెనక సందుల్లో ఇల్లు. రాతితో కట్టిన పాతకాలపు ఇల్లు. గుమ్మం దాటగానే రెండు కమానులు, వాటి వెనక పెరడు, పెరట్లో మల్బరీ చెట్టు. ఆ పేటలో నాకు ఒక్క టర్కిష్ కుటుంబం కూడా కనిపించలేదు. వీధుల పేర్లు మాత్రం టర్కిష్ పేర్లే.

ఆ చలికాలం వానలకి పెరటి గోడ ఒక మూల కూలింది. మేస్త్రీని పిలిపిద్దామా అని అడిగాను.

“అది నా గోడ కాదు” అంది యాయా.

మరి ఎవరిదని అడిగితే చేతికర్రతో ఉత్తరం వైపు చూపించింది. “అటు వెళ్లిపోయారు. నేను అటునుంచి వచ్చాను.”

ఆ రాత్రి ఆవిడ చెప్పింది విన్నాను. నాకప్పటికి వచ్చిన గ్రీకు కొంచెమే. చాలా ముక్కలు తర్వాత్తర్వాత అతుక్కున్నాయి. యాయాది లాపిథోస్. ఉత్తర తీరంలో, కైరీనియాకి పడమర, కొండకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. నిమ్మతోటలకి పేరు. 1974 జులై 15న గ్రీసు సైనిక పాలకుల అండతో సైప్రస్‌లో తిరుగుబాటు జరిగింది. ఐదు రోజులకి, జులై 20న, టర్కీ సైన్యం దిగింది. లాపిథోస్ ఆగస్టు 6న వాళ్ల చేతికి పోయింది. యాయా అంతకు ముందే పిల్లల్ని తీసుకుని బయటపడింది. రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తామనుకుని, సముద్రం వైపు కిటికీలు మాత్రం వేసిందట. ఆ కిటికీల గాలికి దీపం ఆరిపోతుందని. కొండ వైపువి తెరిచే ఉంచింది.

ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది కలిపి లక్షన్నరకి పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి వచ్చేశారు. నలభై యాభై వేలమంది టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి వెళ్లారు. అంతకు పదేళ్ల ముందు, 1963 డిసెంబర్‌లో గొడవలు మొదలైనప్పుడు, ఇళ్లు వదిలి చిన్న చిన్న పేటల్లో ఇరుక్కుని బతికింది ఎక్కువగా టర్కిష్ వాళ్లు. ఈ రెండో ముక్క యాయా నోట నేను వినలేదు. ఈ ఇంటి అసలు యజమాని, తర్వాత మా గుమ్మం ముందుకొచ్చిన టర్కిష్ ఆయన చెప్పాక తెలిసింది. ఒక ఇంట్లో ఒక ఏడాది దగ్గర కథ మొదలవుతుంది, ఇంకో ఇంట్లో ఇంకో ఏడాది దగ్గర. అబద్ధం ఎవరూ చెప్పరు.

వెళ్లిపోయినవాళ్ల ఇళ్లల్లో వచ్చినవాళ్లని పెట్టారు. దక్షిణాన టర్కిష్ వాళ్ల ఇల్లు రికార్డులో వాళ్ల పేరు మీదే ఉంటుంది. సమస్య తీరేదాకా వాటికి ప్రభుత్వమే సంరక్షకుడు. హోం మంత్రి పేరు మీద ఆ బాధ్యత పెడుతూ 1991లో చట్టం చేశారు. ఉంటున్న శరణార్థి అమ్ముకోలేడు, నాదని రాసుకోలేడు. ఉత్తరాన పద్ధతి వేరు. దక్షిణాన ఆస్తి పోగొట్టుకున్నవాళ్లకి దాని విలువని బట్టి పాయింట్లు ఇచ్చి, ఆ పాయింట్లకి సరిపడా గ్రీకు వాళ్ల ఇల్లో పొలమో ఇచ్చి, పట్టా కూడా రాసిచ్చారు. బదులుగా దక్షిణాన ఉన్న ఆస్తి మీద హక్కు అక్కడి సర్కారుకి వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. కాబట్టి ఒకే తోటకి రెండు పట్టాలు. విచిత్రం ఏమిటంటే ఆ కాగితాన్ని టర్కిష్ వాళ్లు ‘కొచాన్’ అంటారు, సైప్రస్ గ్రీకు వాళ్లు ‘కొచాని’ అంటారు. విడిపోయిన రెండు జాతులకీ పట్టా అన్న మాట ఒక్కటే.

యాయా కొచాని దిండు గలీబులో ఉండేది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు తీసేది. ఇల్లు, దాని వెనక 3 దోనుముల నిమ్మతోట. అక్కడి దోనుం మన ఎకరంలో మూడో వంతు, అంటే ఎకరం తోట. 82 చెట్లు. ఆ అంకె కాగితంలో లేదు, ఆవిడ నోట్లో ఉండేది. రాత్రి నిద్ర పట్టకపోతే వరసలు లెక్కపెట్టుకునేది. నేను పక్క మంచం మీద పడుకుని విని విని గ్రీకు అంకెలు నేర్చుకున్నాను.

ఒక మాట చెప్పాలి. లార్నకాలో ఒక పెద్ద రోడ్డుకి మన భారత సైన్యాధిపతిగా చేసిన జనరల్ తిమ్మయ్య పేరు ఉంది. ఐక్యరాజ్యసమితి శాంతి సేన 1964లో అక్కడికి వెళ్లింది, ఆయన దానికి అధిపతిగా ఉండి 1965 డిసెంబర్‌లో అక్కడే చనిపోయారు. మొదటిసారి ఆ బోర్డు కూడబలుక్కుని చదివినప్పుడు రోడ్డు మీద నిలబడిపోయాను. ఇంటికొచ్చి చెబితే యాయా, “ఆయన ఇంకొన్నాళ్లు బతికుంటే...” అని ఆపేసింది. ఆ దేశంలో చాలా వాక్యాలు అలా సగంలో ఆగిపోయేవి.

2003 ఏప్రిల్ 23. ఆ రోజు మర్చిపోలేను. ఉత్తరాన్నీ దక్షిణాన్నీ విడదీస్తూ ఇరవై తొమ్మిదేళ్లుగా మూసి ఉన్న గీతని ఉత్తరం వైపు వాళ్లు ఉన్నట్టుండి తెరిచారు. రాజధాని నికోసియాలో లెద్రా ప్యాలెస్ హోటల్ దగ్గర జనం గంటల తరబడి క్యూలో నిలబడ్డారు. అంతమంది అటూ ఇటూ దాటుతుంటే ఎక్కడ కొట్టుకుంటారో అని అందరికీ టెన్షన్. కొట్టుకోలేదు. టీవీలో చూస్తుంటే ముసలివాళ్లు తమ పాత ఇళ్ల ముందు నిలబడి ఏడుస్తున్నారు, లోపలున్నవాళ్లూ ఏడుస్తున్నారు.

యాయా వెంటనే బయల్దేరలేదు. “నా ఇంటికి నేను వెళ్లడానికి కాగితం చూపించాలా? చూపించను” అని పట్టుబట్టింది. అలా పట్టుబట్టి ఈరోజుకీ దాటనివాళ్లు అక్కడ ఉన్నారు, వాళ్లని మొండివాళ్లనడానికి నాకు నోరు రాదు. మే నెలలో కొడుకు ఒప్పించి తీసుకెళ్లాడు. వీసా చిక్కులు వస్తాయని భయపడి నన్ను తీసుకెళ్లలేదు. పొద్దున ఆరింటికి వెళ్లారు. మందులు, మంచినీళ్లు, ఒక బ్రెడ్డు సర్దిచ్చాను. రాత్రి తొమ్మిదింటికి వచ్చారు. బ్రెడ్డు అలాగే ఉంది.

మూడు రోజులు ఆవిడ ఏమీ చెప్పలేదు. నాలుగో రోజు కాళ్లకి నూనె రాస్తుంటే చెప్పింది. ఇల్లు ఉంది. రంగు మారింది. తలుపు తీసింది యాభై ఏళ్ల టర్కిష్ ఆవిడ. దక్షిణాన పాఫోస్ వైపు పల్లెటూరి నుంచి అటు వెళ్లిన కుటుంబం, గ్రీకు బాగా వచ్చు. యాయాని చూడగానే ఎవరో అర్థమైపోయింది. చెయ్యి పట్టుకుంది, కూర్చోబెట్టింది, కాఫీ ఇచ్చింది. గాజు సీసాలో పచ్చి వాల్‌నట్ల పాకం పెట్టింది. అటకమీద దొరికిన యాయా పెళ్లినాటి దుప్పటి ఉతికి దాచి ఉంచింది, తెచ్చి ఒళ్లో పెట్టింది. పాఫోస్‌లో తమ ఇంటికి ఇప్పుడు కప్పు లేదని, చూసొచ్చిన తమ్ముడు ఫోటో తెచ్చాడని చెప్పింది. తోటలో సగం, దక్కిన పట్టాతో మామగారు ఎప్పుడో అమ్మేశారని, కొన్నవాళ్లు అక్కడ ఇళ్లు కట్టబోతున్నారని తల దించుకుని చెప్పింది.

“మంచి మనిషే కదా యాయా” అన్నాను.

“చాలా మంచిది. కానీ తలుపు తీసి ఏమందో తెలుసా? ‘కలోస్ ఇర్తెతే’ అంది.”

అంటే రండి రండి అని. అంతకంటే మర్యాద ఏముంటుంది? నాకు అర్థం కాలేదు. ఆవిడ నా ముఖం చూసి మెల్లగా చెప్పింది. “రండి అనేది ఇంటివాళ్లు, కోరి మూ. మా అమ్మ నన్ను కన్న గదిలోకి నన్ను రండి అని పిలిచింది.”

తోట పోయిందన్నప్పుడు ఏడవని మనిషి ఆ ఒక్క మాటకి ఏడ్చింది. ఆస్తి తగాదా అంటే నాకు అప్పటిదాకా గట్లు, సర్వే రాళ్లు, కోర్టులు. గుమ్మం దగ్గర ఎవరు ఎవరిని పిలవాలి అన్నది కూడా ఆస్తే అని ఆ రోజు తెలిసింది. ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

ఆ వేసవిలోనే మా తలుపు కొట్టారు. నేనే తీశాను. పనికి వచ్చినదాన్ని కాబట్టి నేనెప్పుడూ ఎవరినీ రండి అనేదాన్ని కాదు, ఎవరో అడిగి పక్కకి జరిగేదాన్ని. అరవై దాటిన పెద్దాయన, చేతిలో టోపీ. పక్కన ఆయన కూతురు. ఆయన మంచి గ్రీకులో, “ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా?” అని అడిగి, గడప మీద చెయ్యి పెట్టారు. తాకినట్టు కాదు, తడిమినట్టు. నాకు తెలిసిపోయింది. వెళ్లి యాయాని తీసుకొచ్చాను.

ఆవిడ చేతికర్ర మీద ఆనుకుని వచ్చింది. నోరు తెరిచింది. “కలోస్...” దాకా వచ్చింది, ఆగిపోయింది. ఆయన గడప బయట, ఈవిడ గడప లోపల, ఇద్దరూ మాట్లాడలేదు. ఎంతసేపని చెప్పలేను, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. తర్వాత యాయా గోడ పట్టుకుని గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. అంతే. మాట లేదు. ఆయన తల వంచి లోపలికి వచ్చారు.

గదులన్నీ తిరిగారు. ఒక గదిలో ఆయన కూతురు బయటే ఆగిపోయింది, ఆయన ఒక్కరే లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఇవతల యాయా కాపలా ఉన్నట్టు నిలబడింది. పెరట్లో కూలిన గోడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడే ముందు అంది, “క్షమించండి, గోడ కట్టించలేదు. మీది కదా, ఎలా కట్టాలో తెలియలేదు.” ఆయన నవ్వారు. “మా నాన్న ఉన్నప్పుడూ ఆ మూలే కూలేది” అన్నారు.

తర్వాత ఆయన ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేవారు. ఉప్పు సరస్సు ఒడ్డున ఉన్న హాలా సుల్తాన్ దర్గాకి వెళ్లి, అట్నుంచి మా ఇంటికి. చలికాలమైతే సరస్సులో ఫ్లెమింగోలు వచ్చాయో లేదో చెప్పేవారు. 1975లో రెండు వైపులా కుదిరిన ఒప్పందం ప్రకారం ఐక్యరాజ్యసమితి వాళ్ల వాహనాల్లో అటు వెళ్లారట. అప్పటిదాకా భయంతోనే ఇక్కడ ఉన్నారు. ఆయన పినతండ్రి కొడుకు 1964 నుంచి కనబడలేదు. యాయా తమ్ముడు 1974 నుంచి కనబడలేదు. ఆ దేశంలో కనబడకుండా పోయినవాళ్ల జాబితా ఒకటి ఉంది, రెండు వైపులవాళ్లూ కలిపి 2,002 మంది. వీళ్లిద్దరి మనుషులూ ఆ జాబితాలోనే. ఆ సంగతి ఒక్కసారే మాట్లాడుకున్నారు, అదీ నేను గిన్నెలు కడుగుతున్నప్పుడు, నెమ్మదిగా. నేను నీళ్లు ఆపేశాను. వాళ్లూ మాట ఆపేశారు. ఆపకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకుంటాను.

మల్బరీ చెట్టు కొమ్మ ఒకటి ఎండి కప్పు మీదకి వంగింది. యాయా కొడుకు కొట్టేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. బైరామ్ పండగకి, అంటే మన రంజాన్, బక్రీదు లాంటి పండగకి, ఆయన వచ్చేదాకా ఆగి, కాఫీ ఇచ్చి, “ఆ కొమ్మ కొట్టించుకోవచ్చా?” అని అడిగింది. ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కొట్టించండి అన్నారు. అటువైపు కాగితాల్లో ఆయన ఆ ఇంటి మీద హక్కు వదులుకుని సంతకం పెట్టిన మనిషి. ఇటువైపు రికార్డులో ఇంకా వాళ్ల నాన్న పేరే. ఈ రెంటిలో ఏది చెల్లుతుందో లాయర్లు చెప్పాలి. నా కళ్ల ముందు చెల్లింది మాత్రం ఆ ప్రశ్న.

2004 ఏప్రిల్ 24న రెండు వైపులా ఓటింగ్ జరిగింది. దేశాన్ని మళ్లీ ఒకటి చేయడానికి ఐక్యరాజ్యసమితి తయారుచేసిన, అన్నాన్ ప్లాన్ అని అందరూ పిలిచిన ఒప్పందం మీద. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం అవునన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం వద్దన్నారు. సరిగ్గా వారానికి, మే 1న దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది, గీత అలాగే ఉండిపోయింది. ఆ ప్లాన్‌లో ఆస్తుల గురించి పేజీలకి పేజీలు ఉన్నాయట. కొందరికి మూడో వంతు వెనక్కి ఇచ్చి మిగిలిన దానికి నష్టపరిహారంగా బాండ్లు ఇస్తారని కొడుకు చదివి చెబితే, “మూడో వంతు అంటే ఏ చెట్లు?” అంది యాయా. ఎవరి దగ్గరా జవాబు లేదు. వద్దనే వేసింది. ఆయన అవునని వేశారు. తర్వాత వచ్చినప్పుడు ఒక్క మాటే అన్నారు. “మేము చెయ్యి చాపాం.” యాయా చాలాసేపటికి, “నాకు అందలేదు” అంది. ఆ రోజు ఆయన కాఫీ పూర్తిగా తాగకుండానే వెళ్లిపోయారు. ఇక రారేమో అనుకున్నాను. వచ్చారు.

కోర్టుల గురించి ఇంట్లో ఎప్పుడూ గొడవే. కైరీనియాకి చెందిన టిటినా లోయిజిదూ అనే ఆవిడ టర్కీ మీద స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లి 1996లో గెలిచింది. ఆ భూమికి ఇప్పటికీ ఆవిడే చట్టబద్ధమైన యజమాని అంది కోర్టు. 2003 డిసెంబర్‌లో టర్కీ 10 లక్షల యూరోలకు పైగా కట్టింది. ఆ వార్త చూసి కొడుకు చప్పట్లు కొట్టాడు. “ఇంటికి వెళ్లిందా?” అని యాయా అడిగింది. వెళ్లలేదు. డబ్బు వచ్చింది.

2006లో ఉత్తరం వైపే ఆస్తుల కమిషన్ ఒకటి పని మొదలుపెట్టింది. దరఖాస్తు పెట్టుకుంటే ఆస్తి వెనక్కి ఇవ్వడమో, ఇంకో ఆస్తితో మార్పిడో, నష్టపరిహారమో. అప్పట్లో దరఖాస్తు పెట్టినవాళ్లని మా పేటలో అమ్ముకున్నవాళ్లు అనేవారు. నాకది చాలా అన్యాయం అనిపించేది. పిల్లల చదువులకో, జబ్బులకో డబ్బు కావలసినవాళ్లు ఉంటారు. ముప్పై ఏళ్లు ఆగినవాళ్లని ఇంకా ఆగమనడానికి పక్కింటివాళ్లెవరు? కొడుకు మార్పిడి సంగతి ఎత్తాడు, మన తోట వదిలేసి ఈ ఇల్లు మన పేర పెట్టించుకోవచ్చేమో అని. యాయా చేతికర్ర నేలకేసి కొట్టింది. “నెలకోసారి నా చేతి కాఫీ తాగే మనిషి ఇల్లు నేను తీసుకోనా?” నెలకోసారి ఏమీ కాదు, ఆవిడకి అలా అనిపించేది. (2010లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు ముందు ఆ కమిషన్ దగ్గరికే వెళ్లాలని తీర్పు చెప్పింది. అప్పటికి నేను అక్కడ లేను.)

2007లో నా పర్మిట్ అయిపోయింది. బయల్దేరడానికి రెండు నెలల ముందు యాయా ఆయన్ని ఒక సాయం అడిగింది. మళ్లీ అటు వెళ్లే ఓపిక ఆవిడకి లేదు, కాగితం చూపించే మనసూ లేదు. “లాపిథోస్ వెళ్లి నా చెట్లు లెక్కపెట్టి రాగలరా?”

ఆయన వెళ్లారు. ఒక ఆదివారం వచ్చి, జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. 23 నిలబడి ఉన్నాయి. 9 మొదళ్లు కనిపిస్తున్నాయి. మిగిలినచోట ఇళ్లు. ఆ ఇంటావిడ కూడా తనతో పాటు వరసల్లో తిరిగిందని, రెండుసార్లు లెక్కపెట్టారని చెప్పారు. యాయా కాగితం మీద వేలితో అంకెలు తడిమింది.

“ఇంకో మాట అడిగి రమ్మంది” అన్నారాయన. “కొండ ఊట నుంచి వచ్చే కాలవ నీళ్లు మీరు ముందు ఏ వరసకి పెట్టేవారని. గోడ పక్క చెట్లు కాయడం లేదట. మిమ్మల్నే అడగమంది, మీకే తెలుస్తుందని.”

యాయా తల ఎత్తింది. కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, కాగితం తిరగేయమంది. గోడ వైపు వరసకి తెల్లవారుజామునే పెట్టాలి, ఎండ ఎక్కితే అక్కడిదాకా చేరదు. బావి పక్క మూడో చెట్టుకి పాదు లోతుగా ఉండాలి, అది మా నాన్న అంటు కట్టింది. ఆయన గీసుకుంటూ పోయారు. చోటు చాలక నా దగ్గర ఇంకో కాగితం అడిగారు. ఆ రోజు నేను మూడుసార్లు కాఫీ పెట్టాను.